పళ్ళకు ఆది

ఆ శుక్రవారం పొద్దున అండాలమ్మ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, సూర్యప్రభ గారి కూతురి జాకెట్టు చేతులు విప్పి మళ్ళీ కుట్టడం. రెండోది, మొగుడి పళ్ళకు తొడుగు చేయించడం. మధ్యాహ్నానికల్లా రెండూ అయిపోతాయని ఆమె లెక్క. ముప్పై ఏళ్ళుగా మెడలో టేపు వేసుకుని తిరుగుతున్న మనిషికి ఆ మాత్రం ధీమా ఉండడంలో తప్పులేదు.

ఎల్‌బీనగర్‌లో వాళ్ళ ఇంటి ముందుగదే ఆమె దుకాణం. ఆ కాలనీ పెళ్ళిళ్ళలో మెరిసే జాకెట్లు సగం ఆమె మిషన్ మీద కుట్టినవే. అలాంటిది, క్రితం వారం సూర్యప్రభ గారి కూతురు మృదుల నిశ్చితార్థం జాకెట్టుకు రెండూ కుడి చేతులే కుట్టి పెట్టింది. తొడుక్కున్న పిల్ల ఎడమ చెయ్యి పైకెత్తలేక అద్దం ముందు బిక్కమొహం వేసింది. సూర్యప్రభ గారు గుంటూరు వైపు మనిషి, గొంతు పెంచకుండానే మాట తగిలించగలరు. "అండాలమ్మా, నీ పనితనం గురించి పదిమందికి చెప్పాను. ఆదివారమే నిశ్చితార్థం. ఈసారీ ఇలాగే అయితే నేను వేరేచోట చూసుకోవాల్సొస్తుంది" అన్నారు.

అండాలమ్మకు ప్రాణం చివుక్కుమంది. ఇన్నేళ్ళలో వెనక్కి వచ్చిన మొదటి జాకెట్టు అది. పైగా ఆమె దృష్టిలో తప్పు తనది కానే కాదు, మొగుడు దశరథది. రోజూ నిద్రలో కరకరమని పళ్ళు కొరికే చప్పుడు. ఉలిక్కిపడి కళ్ళు తెరిస్తే పక్కన అతను ఏమీ ఎరగనట్టు ముసుగుతన్ని ఉంటాడు. తెల్లారేసరికి ఈమెకు కణతల పోటు, దవడల పీకుడు, ఒక సూదికి రెండు సూదులు కనబడడం. కడుపులో పురుగులుంటే పళ్ళు కొరుకుతారని అతని చేత రెండుసార్లు పురుగుల మందు మింగించింది. పురుగుల సంగతి తెలియదు గానీ చప్పుడు మాత్రం పోలేదు.

ఈ గోడు అంతా విని ఉపాయం చెప్పింది కూడా సూర్యప్రభ గారే. వాళ్ళాయన చక్రపాణి గారికీ ఆ అలవాటు ఉండేదట. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చెప్పుల షాపు పైన ఉపేంద్ర అనే పళ్ళ డాక్టరు అచ్చు తీసుకుని, పడుకునేటప్పుడు పెట్టుకోవడానికి ఒక తొడుగు చేసిచ్చాడట. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదికీ నిద్రట.

దశరథ మాత్రం ససేమిరా అన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్‌బీనగర్‌కీ మధ్య షేర్ ఆటో నడుపుతూ సిటీ బస్సులకే ఎదురెళ్ళే ఆ మనిషికి, పళ్ళ డాక్టరు కుర్చీ అంటే హడల్. "నేను పండ్లు కొరుకుత లేను, నువ్వే కల గంటున్నవ్" అన్నాడు. గురకపెట్టే మగవాళ్ళందరూ చెప్పే మాటే కదా అని అండాలమ్మ కొట్టిపారేసింది.

అయినా మనిషి ఎందుకు, ఆది ఉంటే చాలదా? పాత జాకెట్టు ఆదిగా పంపిస్తే, దాన్ని చూసి కొత్తది కుట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. నల్గొండలో ఉన్న పెళ్ళికూతురికి ముఖమైనా చూడకుండా కుట్టి శభాష్ అనిపించుకుంది. జాకెట్టుకు పనికొచ్చిన పద్ధతి పళ్ళకు ఎందుకు పనికిరాదు? చపాతీ పిండి గట్టిగా కలిపి, బొటనవేలంత మందాన ఒత్తి, ఆటో తీయబోతున్న దశరథ నోటికి అందించింది. ఇక జన్మలో తన దగ్గర డాక్టరు మాట ఎత్తనని ఆమె చేత ఒట్టు వేయించుకుని, అతను ఒక్క కొరుకు కొరికి వెళ్ళిపోయాడు. ఆ ముద్దను స్టీలు డబ్బాలో పెట్టి ఆమె స్నానానికి వెళ్ళింది.

వచ్చి చూస్తే డబ్బా ఖాళీ. తన మొగుడి లంచ్ బాక్సుకు ఒక చపాతీ తక్కువైందని కోడలు స్వప్న ఆ ముద్దను కాస్తా ఒత్తి కాల్చేసింది.

"పండ్ల గుర్తులు కనబడలేదా బిడ్డా?"

"కనబడ్డయి అత్తమ్మా. మామయ్య ఆకలికి ఆగలేక పచ్చిపిండి కొరికిండేమో అనుకున్న. అడిగితే బాగుండదని ఊకున్న."

తండ్రి పళ్ళ ఆది అప్పటికే కొడుకుతో పాటు ఆఫీసుకు చేరింది. దశరథ రెండో ట్రిప్పులో ఉంటాడు. ఆది పోయినప్పుడు అదే ఒడ్డూ పొడుగూ ఉన్న ఇంకో మనిషి కొలత తీసుకోవడం టైలర్లందరూ చేసే పనే. ముప్పై రెండేళ్ళుగా ఒకే కుండలో వండింది తిన్న పళ్ళు, మహా అయితే ఎంత తేడా ఉంటాయి? ఇంకో ముద్ద ఒత్తి అండాలమ్మ తానే కొరికింది. మగమనిషి కాబట్టి కాస్త వదులు పెట్టమని చెబితే సరిపోతుందనుకుంది.

డాక్టరు ఉపేంద్ర డబ్బా మూత తీసి ముద్దను చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ ముద్దను చూశాడు. "ఏంటండీ ఇది?"

"ఆది, సారూ. మా ఆయనది. జర లూజు పెట్టి చెయ్యుండ్రి."

నవ్వు ఆపుకోవడానికి అతనికి కొంతసేపు పట్టింది. తర్వాత ముద్దను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి చూసేసరికి ఆ నవ్వు పోయింది. పిండితో తొడుగు కుదరదు గానీ, ముందు పళ్ళ అంచులు బండకేసి రుద్దినట్టు అరిగిపోయాయని, ఈ మనిషి నిద్రలో గట్టిగానే పళ్ళు కొరుకుతున్నట్టుందని చెప్పాడు. పొద్దున్నే తలనొప్పి, దవడల నొప్పి ఉంటాయా అని అడిగాడు. "మా ఇంట్ల ఉంటయి సారూ" అంది అండాలమ్మ. అందులో అబద్ధం ఏమీ లేదు. మనిషిని తీసుకురావాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు.

ఏ పాపం ఎరగని తన కొరుకులోనే ఇంత రోగం కనిపెట్టాడంటే, అసలు మనిషి నోరు చూస్తే ఏమంటాడో అని ఆమెకు దిగులు పట్టుకుంది. దశరథను పిలుద్దామంటే ఒట్టు అడ్డం. ఒట్టు తనకే గానీ స్వప్నకు లేదు కదా! కోడలికి ఫోన్ చేసి, చెప్పుల షాపు పైకి మామయ్యను జల్దీ పంపమని, డాక్టరు సంగతి మాత్రం అతనికి చెప్పొద్దని చెప్పింది.

స్వప్న మామయ్యకు ఫోన్ చేసి అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. "మామయ్యా, అత్తమ్మ దిల్‌సుఖ్‌నగర్ల చెప్పుల షాపు పైన ఉంది. నిన్ను జల్దీ రమ్మన్నది. డాక్టరు సంగతి నీకు చెప్పొద్దన్నది."

ఇది విన్నాక ఏ మొగుడి గుండె నిలుస్తుంది? జాకెట్టు కోసం వచ్చి స్వప్న దగ్గరే ఉన్న సూర్యప్రభ గారు కూడా కంగారుగా రోడ్డు మీదికొచ్చి అతని ఆటో ఎక్కారు. కొత్తపేటలో దిగాల్సిన ఆకుకూరల లచ్చమ్మ ఎంత మొత్తుకున్నా ఆటో ఆగలేదు. సంగతి తెలిశాక ఆమె కూడా గంపతో సహా మెట్లెక్కింది.

బెంచీ మీద చెంపకు చెయ్యి ఆనించి కూర్చున్న పెళ్ళాన్ని చూడగానే దశరథకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఏమైందే నీకు?"

"నాకేమైతది? నీకే అయింది. పో, కూసో."

ఆమె బాగానే ఉందన్న సంబరంలో, జన్మలో ఎక్కనన్న కుర్చీ తానే ఎక్కి బుద్ధిగా నోరు తెరిచాడు. డాక్టరు అద్దం పెట్టి వెతికాడు. పాతికేళ్ళ కుర్రాడికి కూడా ఇంత చక్కటి పళ్ళుండవన్నాడు. ముద్ద తెచ్చి పక్కన పెట్టి చూశాడు. "ఇది కొరికింది ఈయన కాదండీ. మరి ఎవరు?"

సూర్యప్రభ గారు చూస్తున్నారు. లచ్చమ్మ చూస్తోంది. వీళ్ళ ముందు ఒప్పుకుంటే తన పేరు, దుకాణం పేరు రెండూ మునిగినట్టే అనిపించింది అండాలమ్మకు. అయినా చేసిన కుట్టును ఏనాడూ కాదనలేదామె. "నేనే సారూ" అని తల దించుకుంది.

ఈసారి కుర్చీ ఆమెది. పై పంటిలో సన్నని గాటు చూపించి, దారం పంటితో తెంపుతారా అని అడిగాడు డాక్టరు. గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకోవడం, పని ఒత్తిడిలో దవడలు బిగించడం, అదే బిగింపు నిద్రలోనూ సాగడం, అన్నీ ఒప్పుకోవాల్సి వచ్చింది. పురుగులకూ దీనికీ సంబంధం లేదన్నాడు. "మీ చప్పుడుకి మీకే మెలకువ వస్తోందండీ. కళ్ళు తెరిచేసరికి మీ దవడ ఆగిపోతుంది. ఎదురుగా ఈయన కనబడతారు."

అండాలమ్మ మొగుడి వైపు తిరిగింది. "మరి నీకు ఇనబడలేదా? ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"ఎందుకు ఇనబడది?" అన్నాడు దశరథ. "నువ్వు మిషన్ కుడుతున్నవ్ అనుకున్న. పెండ్లిళ్ళ సీజను గద. ఇంటి కోసం గింత కష్టపడుతుంటే ఏమనాలె? ముసుగు పెట్టుకొని పండుకున్న."

రెండుసార్లు అన్యాయంగా మింగించిన పురుగుల మందు ఆమెకు గుర్తొచ్చింది. సిగ్గు, జాలి, ప్రేమ ఒకేసారి కమ్ముకొచ్చాయి.

డాక్టరు చల్లటి ముద్ద ఏదో నోట్లో పెట్టి అసలైన అచ్చు తీశాడు. తొడుగుకు వారం పడుతుందన్నాడు. రేపే ఇవ్వలేరా అని అండాలమ్మ అడగ్గానే సూర్యప్రభ గారు పకపకా నవ్వారు. "ఆ మాట మేం నిన్నెన్నిసార్లు అడిగామో గుర్తుందా?" అని, జాకెట్టు కోసం శనివారం సాయంత్రం వస్తానన్నారు. అండాలమ్మ గుండె కుదుటపడింది. అంతదాకా దారం కత్తెరతోనే తెంపాలని, పెదవులు కలిసి ఉన్నా పళ్ళు తగలకుండా చూసుకోవాలని, పడుకునే ముందు దవడలకు వేడి గుడ్డ కాపు పెట్టాలని డాక్టరు చెప్పాడు. దశరథ లచ్చమ్మను కొత్తపేటలో దింపాడు.

శనివారం జాకెట్టుకు ఒక చెయ్యి కుడిది, ఒక చెయ్యి ఎడమది వచ్చాయి. ఆదివారం మృదుల రెండు చేతులూ పైకెత్తి డాన్సు చేసిందని కాలనీ అంతా చెప్పుకున్నారు.

వారానికి తొడుగు వచ్చింది. అది పెట్టుకుని అండాలమ్మ ఎన్నేళ్ళకో ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. తెల్లారి లేచి చూస్తే దశరథ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. మిషన్ చప్పుడు లేక నిద్ర పట్టలేదట.

ఆ సాయంత్రం అతను ఎవరూ పిలవకుండానే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు, తొడుగు రోజు విడిచి రోజు పెట్టుకుంటే సరిపోదా అని అడగడానికి.