ఆల్చిప్పల్లో విషం: ఒక శుభవార్త

అయ్యలారా, అమ్మలారా! మన పుదుచ్చేరికి ఇన్నాళ్లకు ఒక మేలు జరిగింది. ఉప్పుటేట్లో పెంచుతున్న ఆల్చిప్పల్లో విషం చేరింది!

ముఖం చిట్లించకండి. విషమంటే అంత చులకనా? నెల్లితోపులో కాపురముంటున్న రిటైర్డ్ హెడ్‌క్లర్కుగా చెబుతున్నాను, మన ఊళ్లో చెప్పిన టైముకి పని చేసేది ఇదొక్కటే. తిన్న అరగంటలో పెదాలు తిమ్మిరెక్కుతాయంటే అరగంటలో ఎక్కి తీరతాయి. టోకెన్ అక్కర్లేదు, ఆధార్ జిరాక్స్ అక్కర్లేదు!

దీన్ని కనిపెట్టింది మా పక్కింటి నందిత. మత్స్యశాఖ ల్యాబులో సముద్రంలోని విషాల మీద పరిశోధన చేసే సైంటిస్టు. వారం వారం ఉప్పుటేటికి వెళ్లి, నీళ్లలో తాళ్లకు అంటుకుని పెరిగే ఆల్చిప్పల్ని నాలుగు తెచ్చి ల్యాబులో పరీక్షిస్తుంది. సముద్రంలో ఒక్కోసారి ఒక రకం నాచు విపరీతంగా పెరుగుతుందట. నీటిని వడకట్టుకుని తినే ఆల్చిప్ప ఒంట్లోకి ఆ నాచులోని విషం చేరుతుంది. ఎంత ఉడికించినా పోదు. నాచు తగ్గేదాకా కోయకుండా నాలుగైదు వారాలు వదిలేస్తే మాత్రం దానంతటదే పోతుంది.

ఎంత సులువైన విరుగుడు! ఏమీ చేయకుండా కూర్చోవడం. మన ఆఫీసులకు ఇంతకన్నా చేతనైన పని ఇంకేముంది? కానీ ఖర్మ, సరిగ్గా ఈసారే వాళ్లు చురుగ్గా ఉండాలని తీర్మానించుకున్నారు. ఆ శనివారం బీచ్‌లో సీఫుడ్ ఫెస్టివల్!

నందిత రిపోర్టు పట్టుకుని తన పై ఆఫీసర్ గుణశేఖరన్ గారి దగ్గరికి వెళ్లింది. ఆఫీసుల భాష తెలిసినవాణ్ణని నన్నూ తోడు తీసుకెళ్లింది.

"మేడమ్, విషం అనే మాట వద్దండి," అన్నారాయన కాఫీ ఊదుకుంటూ. "సహజ సముద్ర పదార్థం అని రాయండి. చదవడానికి బాగుంటుంది."

"సార్, శనివారం జనం తింటారు!"

"ఇంకో ల్యాబుకి పంపాల గదా. మూడు వారాల్లో రిజల్టు వస్తుంది. అప్పుడు చూద్దాం."

చూశారా శాస్త్రీయ దృక్పథం! తొందరపడి ఎవర్నీ కాపాడేయకూడదు.

ఆల్చిప్పలు పెంచే రాసాత్తికి ఈ క్రమశిక్షణ బొత్తిగా లేదు. బడి ముఖం చూడని మనిషి. నందిత ఏటి గట్టున నిలబడి సంగతి చెప్పగానే, కోతకు తెచ్చిన కత్తిని బుట్టలో పడేసింది.

"యాడికి పోతాయి మేడమ్, నీళ్లలోనే గదా ఉండేది? నెల పోయినాక కోసుకుంటా. తిన్నోళ్లకి ఏమన్నా అయితే నాకు గొంతులో సోరు ముద్ద దిగుతుందా?"

కమిటీ లేదు, రెండో ల్యాబు లేదు. ఇలాంటి వాళ్ల చేతికి దేశాన్నిస్తే ఆఫీసులన్నీ ఏమైపోవాలి?

అదృష్టవశాత్తు మిగతా పెంపకందార్లు సరుకు పంపారు. ఫెస్టివల్‌లో నందిత స్టాలు స్టాలుకీ తిరిగి వద్దని చెప్పింది. నిర్వాహకులు ఆమెను ఎంతో మర్యాదగా గేటు బయట దిగబెట్టారు.

నేనూ అక్కడే ఉన్నాను, నా బావమరిది ఇరుసప్పన్‌తో. తట్టాంచావడిలో లేత్ మిషన్ మీద పనిచేసే మనిషి, తిండి దగ్గర మొహమాటం లేనివాడు. "నందిత ఏదో అంటోందిరా" అన్నాను, అంతే. ఏదో అంటోందట!

"ఏంది బావా, గవర్మెంటు పెట్టిన పండగే గదా," అని రెండో ప్లేటు తెప్పించాడు.

విషం మాట తప్పలేదు. ముందు పెదాలు, తర్వాత నాలుక, తర్వాత చేతులు. ఆస్పత్రికి చేర్చేసరికి ఊపిరి అందడం లేదు. రెండు రోజులు మిషనే వాడి బదులు ఊపిరి పీల్చింది. ఆ రెండు రోజులూ వరండాలో నిలబడి, నేను ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సిందా అని ఆలోచించాను. ముప్పై ఏళ్లు ఫైళ్ల మీద "తగు చర్య నిమిత్తం" అని రాసినవాడికి గట్టిగా చెప్పడం ఎలా వస్తుంది?

మూడో రోజు వాడు కళ్లు తెరిచాడు. ఆ రోజే ఆఫీసు కూడా మెరుపు వేగంతో కదిలింది. నందితకు మెమో ఇచ్చింది! "అనుమతి లేకుండా ప్రజలను భయపెట్టినందుకు వారం రోజుల్లో వివరణ ఇవ్వవలెను."

ఆ పిల్ల దాన్ని పట్టుకుని వార్డుకి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మామా, దీనికి ఏం రాయాల?"

నేను పెన్ను తీసి "విషయము, సూచిక" అని మొదలుపెట్టాను. మంచం మీంచి ఇరుసప్పన్ చెయ్యెత్తాడు. గొట్టం తీసిన గొంతు ఇంకా గరగరలాడుతోంది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"నేను చెప్తా, రాయి బావా. తప్పు నాదే సార్. ఇరుసప్పన్ అనే వాణ్ణి చాలినంత భయపెట్టలేకపోయినాను. ఇంకోసారి బాగా భయపెడతా. మన్నించాల."

ఒక్క అక్షరం మార్చకుండా రాశాను. నందిత సంతకం పెట్టింది.