మైకు నోట మ్రోగిన సీమోను నామధేయము

పొరుగింటి అచ్చమ్మ కుళాయి దగ్గర అన్న మాట, విన్నవారు తలా కొంచెం ఉప్పూకారం అద్ది మాకు చేరవేసిన ప్రకారం, ఇది: “సీమోను డ్రైవరేంటమ్మా! లాజరు తోలబోయే నేల ముందుగా తొక్కి చూసే మనిషంట. వాళ్ళావిడ ప్రమీలారాణి మాత్రం పోటీ డ్రైవరు పెళ్ళాన్నని బిందె దించి మరీ చెబుద్ది!”

ఈ వాగ్బాణము నందివెలుగు నివాసియు, ద్వితీయసారథియు, చక్రభ్రమణచతురుడును అగు సీమోను హృదయమున నాటిన కాలమెట్టిదనగా, తెనాలి మిల్లుల ఊకధూళి గగనము నావరింపగా, బాపట్ల వైపునుండి ఉప్పుగాలి ఉడుకెక్కి వీవగా, రేపల్లె మాగాణులలో మినుము పీకిన నల్లరేగడి నోళ్ళు తెరచి దాహమో యని అంగలార్చగా, పంతొమ్మిదివందల తొంబదిరెండవ సంవత్సరపు వేసవి గుమ్మములో నిలిచి చెప్పులు విడుచుచున్న కాలము.

స్థలమేదనగా, రేపల్లె రోడ్డు పక్కనున్న ఖాళీ చేను. సందర్భమేదనగా, ట్రాక్టరు రివర్సు పోటీ. ట్రక్కు తగిలించిన ట్రాక్టరును, పాతిన కర్రల నడుమ సర్పగతిని మెలికలు త్రిప్పుచు, వెనుకకే నడిపి, ఒక్క కర్రయు కూలకుండ, అందరికంటె వేగముగ సున్నపుగీత చేరినవాడే విజేత. ట్రక్కు కుడికి పోవలెనన్న ట్రాక్టరును ఎడమకు త్రిప్పవలెను. ఈ విద్య గురుకులములలో చెప్పరు. ఇటుకబట్టీల దగ్గర, తిట్లు తినగా తినగా అబ్బును.

తెనాలి రైసుమిల్లు అధిపతి జగన్నాథరావుకు ట్రాక్టరొకటి, డ్రైవర్లిద్దరు. ఆయన రణనీతి ఏటేటా ఒకటే. ముందు సీమోను పోవలెను, చల్లారిన ఇంజనుతో, ఎరుగని నేలమీద. ఆపైన లాజరు పోవలెను, వేడెక్కిన ఇంజనుతో, సీమోను ఎక్కడ దిగబడెనో తెలిసికొని. బండి బరిలోనికి దిగినపుడు మైకులో యజమాని పేరు, గెలిచినపుడే డ్రైవరు పేరు చెప్పుట అచటి ఆచారము. కావున లాజరు నామము రేపల్లె మొదలు చేబ్రోలు దాక మైకులన్నిటికి కంఠతా వచ్చెను. సీమోను నామము ఏ మైకు నోటను ఒక్కనాడైన పడి ఎరుగదు. అన్నమునకు లోటు లేదు, జీతమునకు లోటు లేదు. ఆ ఒక్క లోటే అతనికి నిద్రలో సైతము గొంతున ముల్లు.

ఆనాడు అతడు స్టీరింగును ఇరుచేతుల స్పృశించి, కన్నులు ఎఱ్ఱవార, ఇట్లు ప్రతిజ్ఞ చేసెను:

“ఓ లోహతురంగమా! ధూమోద్గారధురంధరమా! నేడు ఆ తాటిచెట్టుకు వ్రేలాడు మైకు నా నామము ఘోషింపకున్న, ఈ హస్తములతో మరల నీ కళ్ళెము ముట్టను!”

వెనుకనుండి లాజరు, “ఎవరితోరా మాట్లాడతన్నావు?” అనెను.

“బండితో అన్నా.”

“డీజిలు చూశావా?”

“చూశానన్నా.”

అంతట ఈల మ్రోగెను. రణభేరులవలె సైలెన్సరు దద్దరిల్ల, కల్పాంతమేఘములవలె నల్లపొగ లేవ, గట్లపైని జనము చెవులు మూసికొని కన్నులు తెరువ, మెడ వెనుకకు విరిచి, ఒక కంట కర్రను ఒక కంట చక్రమును కాంచుచు, సీమోను శత్రువ్యూహమును వెన్నుతో ఛేదించుకొనుచు పోయి పోయి, చివరి కర్ర చెంత, పైకి ఎండి లోన రొచ్చైన నేలలో ట్రక్కు చక్రము దిగబడ, క్లచ్చును పసిబిడ్డను జోకొట్టినట్లు జోకొట్టి పైకి లాగెను. కర్ర ఊగెను. ప్రపంచము ఊపిరి బిగబట్టెను. కర్ర నిలిచెను.

“జగన్నాథరావు గారి బండి ఇప్పటికి ఫస్టులో ఉందండీ!” అని మైకు పలికెను. ఇంక మిగిలినది లాజరు ఒక్కడే. వాడు ఆ రొచ్చులో దిగబడెనా, సీమోనుదే గెలుపు.

లాజరు సగము త్రాగిన గోలీసోడా అందించుచు వచ్చి, “నేలెట్టా ఉంది తమ్ముడూ?” అని అడిగెను.

సీమోను అంతరంగమున యుద్ధమండలి సమావేశమయ్యెను. ఆశ లేచి, “చెప్పకుము!” అని గర్జించెను. ధర్మము లేచి గొంతు సవరించుకొనెను. అభిమానము ఎటు పలుకవలెనో తెలియక మరల కూర్చుండెను. సభ ఇట్లు సాగుచుండగనే, ఏండ్ల తరబడి అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పి చెప్పి మరగిన నోరు, ఎవరి అనుమతియు కోరక, “చివరి కర్ర కాడ రొచ్చుందన్నా, గట్టు వారగా తిప్పు” అనివేసెను.

లాజరు గట్టు వారగా త్రిప్పెను. లాజరు గెలిచెను. మైకు లాజరు నామమును పలికెను, ఒకమారు.

విజయోత్సాహమున అతడు బండిని రోడ్డుమీదికి ఎక్కించినంతనే, జనము అతనిని భుజములపై మోసికొనిపోయి వేదిక నెక్కించిరి. ట్రాక్టరు రోడ్డుకు అడ్డముగ నిలిచిపోయెను. రేపల్లెనుండి తెనాలి పోవు బస్సు వచ్చి, ఆగి, హారను కొట్టి కొట్టి గొంతు పోగొట్టుకొనెను. కండక్టరు వేదికకు పరుగెత్తెను. మెడలో దండతోనున్న లాజరు మైకువాని చెవిలో ఏదో చెప్పెను. అంతట ఆ తాటిచెట్టు ఆకాశవాణియై ఇట్లు పలికెను:

“ట్రాక్టరు డ్రైవరు సీమోను గారు! సీమోను గారు ఎక్కడున్నా వెంటనే రావాలండీ! సీమోను గారూ!”

జయము! జయము! దిక్కులు వినినవి, గట్లు వినినవి, గట్టుమీది గేదెలు తలలెత్తి వినినవి. గెలిచినవాని నామము ఒకమారు. రెండవవాని నామము ముమ్మారు, ముమ్మారును గారుతో! సీమోను జనసముద్రమును చీల్చుకొని వచ్చి, సింహాసనమెక్కినట్లు సీటెక్కి, ఒక్క పట్టున ట్రాక్టరును వెనుకకు నడిపి చేలోనికి దించెను. బస్సు కదలిపోయెను. త్రోవ ఇచ్చిన ఆ వీరుని వంక ఎవ్వరును చూడలేదు. అతడు మాత్రము మైకు వంక చూచుచు నిలిచెను.

ప్రొద్దు వాలువేళ నందివెలుగు చేరి, రేపల్లెలో అక్కను చూచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుగుకొనుచున్న ప్రమీలారాణి ఎదుట నిలిచి, సీమోను ఛాతి విరిచి చెప్పెను:

“ఇవ్వాళ మైకులో నా పేరు చెప్పారే! మూడుసార్లు! గారు పెట్టి!”

ప్రమీలారాణి చెంబు క్రింద పెట్టెను.

“ఆ బస్సులో నేనూ ఉన్నా. అప్పటిదాకా ఊరికే తిడతన్నారు. మైకులో చెప్పాక నీ పేరు పెట్టి తిట్టారు.”