పడవ ఆట రెండో భాగం: నిరీక్షణ సంఘం తుది నివేదిక

నాగరికత అంటే ఆగడం. నిప్పు కనిపెట్టినవాడు చెయ్యి కాల్చుకున్నాడు. మర్నాడు తీరిగ్గా వచ్చినవాడు చలి కాచుకున్నాడు. చరిత్ర ఇద్దరి పేర్లూ రాసిపెట్టుకోలేదు కానీ, రెండోవాడి చేతికి కట్టు లేదు. నాది ఆ రెండోవాడి వంశం.

వీడియో గేమ్ విడుదలైన రోజే కొనాలా, ఆగి కొనాలా అనే ప్రశ్న మీద మా ఇంట్లో ఏడేళ్ళపాటు సాగిన విచారణను ప్రజల ముందుంచడం ఈ నివేదిక ఉద్దేశం. (ప్రజలు అడగలేదు. వాళ్ళు అడిగేదాకా కూర్చుంటే ప్రపంచంలో ఏ నివేదికా బయటికి రాదు.)

ముందుగా నా అర్హతలు మనవి చేసుకుంటాను. కుళాయి కనెక్షన్లు మంజూరు చేసే కార్యాలయంలో నేను అభ్యంతరాల విభాగానికి అధిపతిని. దరఖాస్తు చేతికి రాగానే అందులో లేనిదేమిటో కనిపెట్టి వెనక్కి పంపడం నా ఉద్యోగం. అన్నీ ఉన్న దరఖాస్తు వస్తే, అన్నీ ఎందుకున్నాయో వివరణ అడుగుతాను. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో మొదటి దరఖాస్తుకే కుళాయి పొందినవాడు ఒకే ఒక్కడు. ఆ రోజు నేను పంటినొప్పితో సెలవులో ఉన్నాను.

ఇక అసలు విషయం. మా అమ్మాయికి పదకొండేళ్ళప్పుడు నేనూ తనూ కలిసి పడవ ఆట ఒకటి ఆడాం. అది ఇద్దరే ఆడాలి. ఒకరు పడవ నడపాలి, ఇంకొకరు ముందు కూర్చుని లాంతరు పట్టుకోవాలి. లాంతరు ఎంతమేర చూపిస్తే అంతే కనిపిస్తుంది, మిగతాదంతా చీకటి. పడవ నాది, లాంతరు తనది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే సోఫా మీద చేరేవాళ్ళం. నా కంట్రోలర్‌లో ఎడమవైపు మీట కాస్త వదులు. అందుకని పడవ ఎప్పుడూ ఎడమకే లాగేది.

"నాన్నా, కుడికి," అనేది తను. "కుడి అంటే ఇటు. నువ్వు అన్నం తినే చెయ్యి."

పది ఆదివారాల్లో వందసార్లు మునిగి ఉంటాం. మునిగినప్పుడల్లా తను నా భుజం మీద తల వాల్చి పడీపడీ నవ్వేది. చివరికి పడవ సరస్సు నడిమధ్యకు చేరింది, లాంతరు ఆరిపోయింది, మిగతాది రెండో భాగంలో అని టీవీ మీద అక్షరాలు వచ్చాయి. తను చాలాసేపు ఆ అక్షరాలనే చూస్తూ కూర్చుంది.

"రెండోది వచ్చిన రోజే కొనేద్దాం నాన్నా. పాపం, వాళ్ళని మధ్యలో వదిలేశాం కదా," అంది.

నేను అలాగే అన్నాను. (ఇది నోటిమాటగా ఇచ్చిన హామీ. మా విభాగంలో నోటిమాట చెల్లదు.)

ఏడాది తిరిగేసరికి రెండో భాగం విడుదలైంది. ఆ శుక్రవారం మా అమ్మాయి బడి నుంచి వచ్చి, భుజాన సంచీ కూడా దించకుండా నా ముందు నిలబడింది.

"నాన్నా, వచ్చేసింది."

"ఏది?"

"పడవ."

"చూద్దాం," అన్నాను.

పాలనా వ్యవస్థలో ఇంతకంటే ప్రాచీనమైన ఉత్తర్వు లేదు. ఇందులో అవునని లేదు, కాదని లేదు, సంతకం లేదు, తేదీ లేదు. దీన్ని పట్టుకుని ఏ కోర్టుకూ వెళ్ళలేరు. తను మాత్రం సగం ఒప్పుకున్నట్టే అనుకుని గంతులేస్తూ లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రమే నిరీక్షణ సంఘం ఏర్పాటైంది. అధ్యక్షుణ్ణి నేను. దరఖాస్తుదారు మా అమ్మాయి. మా ఆవిడను సభ్యురాలిగా ఉండమని కోరితే, "నాకు బోలెడు పనుంది, మీరూ మీరూ చూసుకోండి," అన్నందువల్ల ఆమెను పరిశీలకురాలిగా నమోదు చేశాం. సాంకేతిక సలహాదారు పదవికి మా బావమరిదిని మించినవాడు దొరకలేదు. అతను వృత్తిరీత్యా లిఫ్టులు బాగుచేస్తాడు. అయితే అతని అసలు అర్హత వేరు. ఒకప్పుడు ఒక గేమ్‌ను విడుదలైన రోజే కొని నిలువునా మోసపోయాడు.

"గుర్రం మేడెక్కి కూర్చుంది బావా," అని మొదలుపెట్టాడు సంఘం ముందు. (ఈ వాంగ్మూలం మా ఇంట్లో అప్పటికి ముప్పైసార్లు విన్నాం.) "మూడు వారాలు దిగలేదు. కింద నుంచి నేను ఈల వేస్తానే ఉన్నా. రాజ్యమంతా తగలబడిపోతోంది, హీరో గుర్రం కోసం మేడ కింద నిలబడ్డాడు. అప్పుడర్థమైంది నాకు. మొదటి రోజు కొనేవాడు కస్టమరు కాదు బావా, కూలీ. వాళ్ళ తప్పులు మనచేత పట్టిస్తారు, పైగా కూలి మనమే వాళ్ళకిస్తాం."

"మరి అందరూ ఆగితే తప్పులెవరు పడతారు మావయ్యా?" అంది మా అమ్మాయి.

"ఎవరో ఒకరుంటార్లేమ్మా, తొందరపాటు జనం. వాళ్ళకేం కొదవ."

దరఖాస్తుదారు ప్రశ్న సంఘం పరిధిలోకి రాదని నేను రూలింగ్ ఇచ్చాను.

తర్వాత నమూనా ఆరు తయారైంది. దాని పేరు తక్షణావసర నిరూపణ పత్రం. అందులో గేమ్ పేరు, కావలసిన కారణం అనే గడులతో పాటు "ఆగితే కలిగే నష్టం" అనే గడి కూడా పెట్టాను. మా ఆఫీసులో ఈ గడి దగ్గరే చాలామంది చేతులెత్తేస్తారు. నీళ్ళు లేకపోతే ఏమవుతుందో రాయమంటే ఎవరికైనా మాట పడిపోతుంది. మా అమ్మాయి మాత్రం తడుముకోకుండా గుండ్రటి అక్షరాలతో ఒకే వాక్యం రాసింది: వాళ్ళింకా చీకట్లోనే ఉన్నారు.

"వాళ్ళు" అనగా ఎవరు, గుర్తింపు పత్రాలు జతచేయలేదేమి అని రాసి తిప్పి పంపాను. మర్నాడు రంగు పెన్సిళ్ళతో వేసిన బొమ్మ జతచేసి మళ్ళీ పెట్టింది. బొమ్మలో చిన్న పడవ, ముందు లాంతరు పట్టుకున్న పాప, వెనక తెడ్డు వేస్తున్న మీసాల మనిషి. (నాకూ మీసాలున్నాయి. ఇది కాకతాళీయమని సంఘం అభిప్రాయపడింది.) ఫొటో నిర్ణీత కొలతల్లో లేదన్న కారణంతో ఆ దరఖాస్తు కూడా నిలిచిపోయింది.

ఆగడం ఎంత తెలివైన పనో మొదటి నెలలోనే తేలింది. విడుదలైన గేమ్‌లో తెడ్డు పడవవాడి చేతిలో లేకుండా గాలిలో తేలుతోందట. దాన్ని సరిచేస్తూ మొదటి అప్‌డేట్ ఇచ్చారు. ఆ అప్‌డేట్ వల్ల సరస్సు మాయమైంది. సరస్సును తిరిగి పెడుతూ రెండో అప్‌డేట్ ఇచ్చారు, అయితే నీళ్ళు పెట్టడం మర్చిపోయారు. ప్రతి వార్తనూ బావమరిది ఫోన్లో చదివి వినిపిస్తుంటే, మేమిద్దరం గండం గడిచినవాళ్ళలా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

కొనదగినదా కాదా నిగ్గు తేల్చడం కోసం సలహాదారు ఇంకో సాహసం కూడా చేశాడు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఆ గేమ్ మొత్తం ఆడుతూ పెట్టిన వీడియోను, మా సోఫాలోనే కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పదిహేడు గంటలు చూశాడు. పూర్తయ్యాక చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఆగొచ్చు బావా," అన్నాడు. "తొందరేం లేదు."

నాలుగో వారానికల్లా దరఖాస్తుదారు అడగడం మానేసింది. ఇది సంఘం సాధించిన తొలి విజయం. అప్పటిదాకా ఆదివారం మధ్యాహ్నాలు సోఫా చుట్టూ తిరిగే పిల్ల, వీధి చివర ఉండే బస్సు డ్రైవరుగారింటికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆయన కూతురూ తనూ ఒకే తరగతి. లెక్కల ప్రాజెక్టు ఉందని చెప్పింది. అలా వరసగా ఆరు ఆదివారాలు వెళ్ళింది. వాయిదా వేస్తే పిల్లలకు చదువు మీద ధ్యాస పెరుగుతుందని ఈ సందర్భంగా నిరూపితమైంది.

"ఆరు వారాల లెక్కల ప్రాజెక్టా?" అంది మా ఆవిడ.

"త్రిభుజాలనుకుంటా. వాటికి మూడేసి కోణాలుంటాయి," అన్నాను.

మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. చూపులను నమోదు చేసే పద్ధతి మా దగ్గర లేదు.

రెండో ఏడు ధర తగ్గింది. తగ్గిన వస్తువు ఇంకా తగ్గుతుందని ఆగాం. మూడో ఏడు ఇంకా తగ్గింది, అయితే అప్పుడే సలహాదారు పరుగున వచ్చి సంపూర్ణ ప్రతి రాబోతోందని చెప్పాడు. అందులో అదనంగా ఇంకో సరస్సు, పడవవాడికి పన్నెండు రంగుల తెడ్లు ఇస్తారట. చేతిలో పడబోయే పన్నెండు తెడ్లను కాలదన్నుకోవడం ఏ అధ్యక్షుడికీ తగదు. నాలుగో ఏడు సంపూర్ణ ప్రతి వచ్చింది కానీ మా ఇంట్లో ఉన్న పాత గేమ్ యంత్రంలో అది ఆడదన్నారు. కొత్త యంత్రం కొనాలి. కొత్త యంత్రం కూడా విడుదలయ్యే వస్తువే కాబట్టి, దాన్ని విడుదలైన రోజే కొనడం సంఘం మౌలిక సిద్ధాంతాలకు విరుద్ధం. ఆ విషయం చూడడానికి ఉపసంఘం వేశాం. అందులోనూ మేమిద్దరమే.

ఈలోగా మా అమ్మాయికి కళ్ళజోడు వచ్చింది. ఎత్తులో వాళ్ళమ్మను దాటింది. గది తలుపు వేసుకోవడం నేర్చుకుంది. పదో తరగతి అయింది, ఆ తర్వాత రెండేళ్ళు అయ్యాయి, వేరే ఊళ్ళో కాలేజీలో సీటు వచ్చి హాస్టల్‌కు వెళ్ళిపోయింది. ఇవన్నీ ఎప్పటికప్పుడు విడుదలైన రోజే అమల్లోకి వచ్చాయి. వాటిని వాయిదా వేయడానికి తగిన నమూనా ఏదైనా ఉందేమోనని ఆఫీసు బీరువాలన్నీ వెతికించాను, దొరకలేదు.

ఏడో ఏడు షరతులన్నీ ఒకేసారి నెరవేరాయి. ఆ కొత్త యంత్రమూ పాతబడింది, ధర అడుగంటింది, తప్పులన్నీ తొందరపాటు జనం పట్టేశారు.

"ఇప్పుడు కొను బావా," అన్నాడు సలహాదారు. "ఇంతకంటే కిందికి పడితే వాళ్ళే మనకి ఎదురివ్వాలి."

కొన్నాను. అప్‌డేట్లన్నీ దిగడానికి గురువారం నుంచి శనివారం దాకా పట్టింది. మా అమ్మాయి సెలవులకు వచ్చే సమయం చూసుకునే ఇదంతా చేశాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే సోఫా దులిపి, టీవీ తుడిచి, తన చేతికి కంట్రోలర్ ఇచ్చాను. పాతికేళ్ళ క్రితం పెళ్ళిచూపుల్లో కూడా నేనంత తత్తరపడలేదు.

"కొనేశావా నాన్నా," అంది. తన మొహంలో ఏదో కదిలి సర్దుకుంది. వచ్చి నా పక్కన కూర్చుంది.

మొదటి భాగంలో వదిలిన చోటే, సరస్సు నడిమధ్యలో, చీకట్లో పడవ ఉంది. తను లాంతరు వెలిగించింది. నేను అలవాటు కొద్దీ ఎడమకు లాగాను.

"కుడికి నాన్నా."

కుడివైపు చీకటి తప్ప ఏమీ లేదు. అయినా తిప్పాను. ఎడమవైపు నీళ్ళలోంచి పెద్ద బండ పైకి లేచి, మేము ఉండవలసిన చోట నిలబడింది.

"ఇక్కడ ఆగు. మూడు లెక్కపెట్టు," అంది. లెక్కపెట్టాను. ముందున్న వంతెన కూలి నీళ్ళలో పడింది. "ఇప్పుడు పద."

అరగంట ఆడాం. ఒక్కసారి కూడా మునగలేదు. నా సామర్థ్యం నాకు తెలుసు. వదులు మీట పోయి కొత్త మీట వచ్చినంత మాత్రాన మనిషి ఇంత మారడు. పైగా ఇరవై తొమ్మిదేళ్ళుగా కాగితాల్లో లొసుగులు వెతికిన కన్ను ఇది. ప్రమాదం రావడానికి ముందే లాంతరు అటు తిరుగుతోంది.

"నీకెలా తెలుస్తోంది?" అన్నాను.

తను లాంతరును ఒకసారి అటూ ఇటూ తిప్పింది. "లెక్కల ప్రాజెక్టు," అంది చివరికి.

నేను కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకున్నాను.

"వీధి చివర నా ఫ్రెండు ఉంది కదా, దాని కోసమే కొన్నార్లే నాన్నా వాళ్ళ నాన్న. అది రెండు నిమిషాల్లో విసుగొచ్చి లేచిపోయింది. నేను చూస్తూ కూర్చుంటే, నువ్వు వస్తావా అమ్మా అన్నారు. అంకులూ నేనూ ఆడాం. తెడ్డు గాల్లో ఎగురుతుంటే ఎంత నవ్వామో. ఆయన బస్సు నడుపుతారు కదా, మలుపులు భలే తిప్పేవారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఆగుతున్నావు కదా నాన్నా. మధ్యలో చెడగొట్టడం ఎందుకని."

(నాకు చాలా బాధేసింది. ఏ గడిలో రాయాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.)

కాసేపటికి తను టైము చూసుకుని లేచింది. స్నేహితులను కలవాలట. మిగతాది రేపు ఆడదామా అని అడిగాను.

"చూద్దాం నాన్నా," అంది.

ఆ ఉత్తర్వుకు అర్థం నాకు బాగా తెలుసు కాబట్టి మళ్ళీ అడగలేదు.

నివేదిక ముగించే ముందు, నిష్పక్షపాతంగా ఉండాలి కనుక, బస్సు డ్రైవరుగారి గురించి కూడా వాకబు చేశాను. విడుదలైన శుక్రవారం సాయంత్రం డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా కూడా మార్చుకోకుండా దుకాణానికి వెళ్ళి, చెప్పిన ధరకే కొన్నారట. సంఘం లేదు, సలహాదారు లేడు, ఒక్క రివ్యూ అయినా చదవలేదు. పైగా ఆయనకు దొరికింది తెడ్డు గాలిలో ఎగిరే ప్రతి. పాపం, బాగా నష్టపోయారు. మా దగ్గర పన్నెండు తెడ్లున్నాయి, పన్నెండూ చక్కగా చేతిలోనే ఉంటాయి.