గోధుమ బీరులో విషప్రయోగం

సౌదీలోని జుబైల్ లేబర్ క్యాంపులో చీమ తుమ్మినా, అది ఏ కాలితో ముక్కు తుడుచుకుందో చెప్పగల అపరాధ పరిశోధక చక్రవర్తి తానొక్కడేనని వెల్డర్ సదానందం ప్రకటించుకున్నాడు. తన నోటితోనే లెండి, ఇంకెవరి నోరు ఆ పని చేస్తుంది! కాలికున్న చెప్పు పోయిందని మూడు గదులు సోదా చేసిన ఘనుడాయన. అక్క మొగుడాయె, ఫిట్టర్ రాజేశం నోరెత్తలేడు.

ఆ రాజేశం గోధుమలు మొలకెత్తించి, ఉడికించి, పులియబెట్టి, పన్నెండు సీసాల బీరు మంచం కింద దాచాడు. ఆ దేశంలో అది నేరం. పొక్కితే జైలు, ఆపైన ఇంటికి విమానం. అయినా మర్నాడే మూత తీశాడు. చెట్టు దిగిన కల్లు పొద్దుగూకేసరికి పులిసిపోవడం చూసి పెరిగినవాడికి ఆగడమేం తెలుసు?

"థూ! పచ్చిపిండి వాసన బావా."

సదానందం సీసాను వెలుగుకెత్తాడు. అడుగున తెల్లటి మడ్డి.

"విషం! హంతకుడు మన నడుమనే ఉన్నడు!"

"మెల్లగ బావా, క్యాంపు బాస్ వింటడు."

"విననీ! వణుకు పుట్టాలె!"

ఆనాటి నుంచి రోజుకో సీసా పరీక్ష. నాలుక ముంచడం, ఉమ్మడం, పారబోయడం. పదకొండు రోజులు విషం రుచి చూసి కూడా తానెందుకు చావలేదో ఆ మేధావికి తట్టనేలేదు. పన్నెండో నాడు పక్క మంచం డ్రైవర్ బాబ్జాన్ మీద పడ్డాడు.

"వంటింట్ల తెల్లపొడితోని దొరికినవ్!"

"యో, అది మైదా! పరోటాలకు తెచ్చుకున్న్యా. మందు వాసనే పడదు నాకు."

"బొంకకు! క్యాంపు బాస్‌కే ఫిర్యాదు చేస్త!" అంటూ మిగిలిన ఒక్క సీసా చేతబట్టి గుమ్మం దాకా వెళ్లాడు.

రాజేశం పై ప్రాణాలు పైనే పోయాయి. సీసా లాక్కుని మంచం కిందకు తోశాడో లేదో, తలుపు తెరుచుకుంది. ఫోర్‌మన్!

"చలో చలో, షట్‌డౌన్! వెల్డర్, ఫిట్టర్, సబ్ బస్ మే!"

ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే రోజులవి; మూడు వారాలు అక్కడే పని, అక్కడే పడక. ఫిర్యాదూ లేదు, బీరూ లేదు. తిరిగొచ్చాక రాజేశం భయపడుతూనే ఆ సీసా మూత తీశాడు. బుస్సుమని తెల్లటి నురుగు, లవంగం వాసన, నాలుక మీద వెన్న!

"చూసినవా? నా పేరుకు జడిసి హంతకుడు విషం వాపస్ తీసుకున్నడు!"

"నువ్వు లేకపోవడమే దానికి మందు సామీ," అన్నాడు బాబ్జాన్. "ఆవకాయైనా మూన్నాళ్లు ఊరనీకుండా తింటారా ఎవరన్నా?"

రాజేశం మళ్లీ గోధుమలు నానబోసి, తిన్నగా ఫోర్‌మన్ దగ్గరికి నడిచాడు: వచ్చే షట్‌డౌన్‌కు బావ పేరు అందరికంటే పైన రాయమని బతిమాలడానికి.