మోమోల బండికి ఘన సన్మానం

నాచారం పారిశ్రామికవాడను ఆనుకుని ఉన్న మా కాలనీ సంక్షేమ సంఘం, వలస వ్యాపారులను ఘనంగా గౌరవించాలని ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి గర్విస్తున్నాము. అంతకు ముందు నెలలో ఇదే సంఘం, బయటివాళ్ళ బండ్ల వల్ల కాలనీ అందం చెడుతోందని అంతే ఏకగ్రీవంగా తీర్మానించింది. మధ్యలో హృషికేశ్ అనే ప్రొఫెసర్ గారు టీవీలో కనిపించి, వలస వచ్చి వ్యాపారం పెట్టినవాళ్ళే దేశ ఆర్థిక వ్యవస్థకు ఇంధనమని చెప్పారు. మా సంఘం టీవీ మాట ఏనాడూ జవదాటి ఎరగదు.

వలస వ్యాపారి అంటే ఎవరన్న దానిపై లోతైన చర్చ జరిగింది. అధ్యక్షులు అచ్యుతరావు గారు భీమవరం నుంచి వచ్చి ఉప్పల్లో సిమెంటు కొట్టు పెట్టారు. కార్యదర్శి మహిపాల్ జనగామ నుంచి వచ్చి బోర్లు వేసే వ్యాపారం చేస్తున్నాడు. అయితే ఇద్దరికీ కాలనీలో సొంత ఫ్లాట్లున్నాయి. ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయిన క్షణం నుంచి మనిషి తరతరాల స్థానికుడైపోతాడని సభ్యులంతా ఒప్పుకున్నారు.

ఇక మిగిలింది గేటు పక్కన మోమోల బండి పెట్టుకున్న నేపాలీ ఆమె, సంతోషి. షిఫ్టు దిగిన కార్మికులు, ట్యూషన్ల నుంచి వచ్చే పిల్లలు, షుగరు ఉన్న పెద్దలు అందరూ సాయంత్రమయ్యేసరికి ఆ ఆవిరి కుడుముల చుట్టూ మూగుతారు. కంపెనీ మూతపడి రోడ్డున పడ్డ బెంజమిన్‌కూ అతని భార్య దోర్కాకూ పని ఇచ్చింది కూడా ఆ బండే. మా కాలనీలో కొత్తగా ఉద్యోగాలు సృష్టించిన ఏకైక సంస్థ అదేనన్న సంగతి తీర్మానంలో రాయడం మరిచిపోయారు.

వేదిక ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు మహిపాల్ శాస్త్రీయంగా జవాబిచ్చాడు. "సారూ, మన మీటింగులకు కుర్సీలు వస్తయి గని మనుషులు రారు. గా బండి కాడ రోజూ మస్తు జనం ఉంటరు. గాడనే స్టేజీ ఏసినమనుకో, ఫికరే లేదు."

అందరికీ నచ్చింది. సన్మానం రోజు మధ్యాహ్నమే బండిని నెట్టుకెళ్ళి కమ్యూనిటీ హాల్లో పెట్టి తాళం వేశారు. బండి ఉండే చోట వేదిక వేసి, జనం కోసం ఎదురుచూశారు.

జనం వేళకే వచ్చారు. "ఇయ్యాల మోమోలు లేవా?" అని అడిగి వెళ్ళిపోయారు.

పొద్దుటి నుంచి చుట్టిన మోమోలతో వచ్చిన సంతోషి, దోర్కా బిత్తరపోయారు. "అన్నా, జర తాళం తియ్యన్నా. గివన్నీ ముద్దయిపోతయి. గివి అమ్మితెనే మాకు రేపటి సామాను వస్తది," అని దోర్కా బతిమాలింది.

"సన్మానం అయినంక తీస్త చెల్లె. ఇయ్యాల మీ అక్క పెద్దమనిషి. గిసుంటి రోజు పని జేస్తే బాగుంటదా?" అని మహిపాల్ ఎంతో మర్యాదగా కాదన్నాడు.

సభ ప్రారంభమైంది. సంతోషిని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టారు. ముఖ్య అతిథి హృషికేశ్ గారు, వలస వ్యాపారి బండి చక్రం ఆగితే దేశ ప్రగతి చక్రం ఆగుతుందని హెచ్చరించారు. అచ్యుతరావు గారు మైకు అందుకుని, "ఈవిడ మా ఆడపడుచండీ. ఈ కాలనీలో ఈవిడ చోటు ఈవిడకెప్పుడూ ఉంటుందండీ!" అన్నారు. ఆ సమయంలో ఆయన సరిగ్గా ఆ చోటులోనే నిలబడి ఉన్నారు.

శాలువా కప్పి సంతోషికి మైకు ఇచ్చారు. "సార్, శాలువా మంచిగుంది. నాకు బండి కావాలి. జర తాళం తియ్యండి సార్," అందామె.

సంఘ సభ్యుల చప్పట్లతో ఆవరణ మారుమోగింది. పని పట్ల ఇంత నిబద్ధత తాను ఎక్కడా చూడలేదని ప్రొఫెసర్ గారు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ గట్టిగానే చప్పట్లు కొట్టాను. తర్వాత వందన సమర్పణ మరో ఉపన్యాసంగా సాగింది. అది ముగిసేసరికి మోమోలన్నీ ఒకే మోమో అయి కూర్చున్నాయి. దోర్కా ఏడుస్తూనే వాటిని కుక్కలకు వేసింది.

మర్నాడు సంతోషి బండి తోసుకొచ్చేసరికి ఆ చోట చుట్టూ కమ్మీలతో శిలాఫలకం వెలిసింది: 'వలస వ్యాపారుల గౌరవార్థం. ఇచ్చట బండ్లు నిలుపరాదు.' కాస్త జరపమని ఆమె అడిగితే అచ్యుతరావు గారు నిజంగా నొచ్చుకున్నారు. "నీ గౌరవమేనమ్మా ఇది. నువ్వే అడ్డమంటే ఎలాగమ్మా?"

సంతోషి మేడిపల్లి వెళ్ళిపోయింది. దోర్కా, బెంజమిన్ ఆమె వెంటే వెళ్ళారు. ఆ బండి జనాన్నే నమ్ముకున్న టీకొట్టు మూతపడింది, పక్కన జిరాక్సు షాపు బేరాల్లేక ఈగలు తోలుకుంటోంది. కాలనీలో ఆర్థిక మాంద్యానికి కారణాలు కనిపెట్టడానికి సంఘం ఒక ఉపసంఘం వేసింది. దాని సభ్యులు రోజూ సాయంత్రం చర్చ ముగించుకుని, మోమోలు తినడానికి కార్లలో మేడిపల్లి వెళ్ళేవారు.

మొన్న అక్కడి కాలనీ పెద్దలు పూలదండతో బండి వైపు నడిచి వచ్చారట. "అక్కా, సన్మానం అంటున్రే!" అని దోర్కా కేక పెట్టిందట. బెంజమిన్ స్టవ్ ఆర్పేలోగానే సంతోషి బండి తోయడం మొదలుపెట్టిందట. ఎటు వెళ్ళారో ఎవరికీ తెలియదు.

మీ వీధికే రావచ్చు. వస్తే, మీకు పుణ్యముంటుంది, ఆమెను గౌరవించకండి. ఒక ప్లేటు కొనుక్కుని తినండి.