పదహారు కుడి కళ్ళు

ఆ శనివారం కోసం కెర్తు వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి లేవాలి, రై పిండి జావ తాగాలి, రెండు కప్పుల కాఫీ, ఏడున్నరకు తంపెరె స్కేటింగ్ హాలు, తొమ్మిదికి జుట్టు ముడులు, పదకొండుకు ముఖాలకు రంగులు, రెండూ నలభైకి మంచు మీదికి. నాలుగు రోజుల ముందే అదంతా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది. అందులో రాయనిది ఒక్కటే. సింకు పైన గిన్నెలు ఆరబెట్టుకునే అల్మరాకు ఒక తలుపు ఉంటుందని.

మా ఫిన్లాండులో ఆ అల్మరా లేని ఇల్లు ఉండదు, దాని తలుపు తగలని నుదురూ ఉండదు. మేం చిన్నప్పటి నుంచి దెబ్బలు తింటూ కూడా దాన్ని కొంచెం పక్కకు జరపాలని ఎన్నడూ అనుకోలేదు. కెర్తు చెంచా జారవిడిచింది, వంగింది, చెంచా దొరికిందన్న సంతోషంతో నిటారుగా లేచింది. తలుపు తెరిచి ఉంచింది కూడా ఆవిడే కాబట్టి తిట్టడానికి మరో మనిషి లేకపోయింది.

కెర్తు వూరెలా 'రీతె' జట్టుకు కెప్టెన్. రీతె అంటే చలికాలం మొదట్లో చెరువు మీద కట్టే పలచటి మంచుపొర. మంచు మీద ఆడే జట్టుకు ఆ పేరు పెట్టిన వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. పదహారు మంది అమ్మాయిలు ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని, గానుగలా తిరుగుతూ, వరుసలోంచి వరుస దూసుకుపోతూ, అందరూ కలిసి ఒకే మనిషిలా ఆడాలి. ముడి ఒకే ఎత్తు, పెదవి రంగు ఒకటే, నవ్వు ఒకే వెడల్పు. ఆ ఆటలో రీతె నాలుగేళ్ళుగా దేశంలో మొదటి స్థానం వదల్లేదు. ఇవాళ గెలిస్తే ప్రపంచ పోటీలకు వెళుతుంది.

కెర్తుకు ఇరవై ఏడేళ్ళు. జట్టులో పన్నెండేళ్ళు. ఇదే ఆఖరి సీజను అని మోకాళ్ళు నోటీసు ఇచ్చేశాయి. ఎవరికైనా దెబ్బ తగిలితే డాక్టరు మంచు మీద అడుగు పెట్టనివ్వడు, వాళ్ళ బదులు జట్టులో పదిహేడో పిల్ల తైమి వెళుతుంది. తైమికి అందరి అడుగులూ వచ్చు, ఒక్క పోటీలోనూ ఆడే అవకాశం మాత్రం రాలేదు. తైమి అంటే కెర్తుకు చాలా ఇష్టం, ముఖ్యంగా ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని ఉన్నంతసేపు.

ఫ్రీజర్‌లోంచి అడవి బ్లూబెర్రీల సంచి తీసి కంటికి అదుముకుంది. సంచికి చిల్లు ఉంది. పది నిమిషాల తర్వాత అద్దంలో చూసుకుంటే కుడి కన్ను చుట్టూ చక్కటి వంకాయ రంగు. అందులో సగం రసం అనుకుని కడుక్కుంది. రసం పోయింది కానీ రంగు తగ్గలేదు, పైగా కనుబొమ్మ కింద ఉబ్బింది. పౌడరు ఎంత పూసినా లాభం లేకపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇవాళ్టి ఆట పేరు తుఫాను, వేసుకునే బట్టలదీ వంకాయ రంగే. దాచలేని దాన్ని అందరికీ పంచితే సరి. ఇదంతా జట్టు బాగు కోసమే అని కెర్తు తనకు తాను చెప్పుకుంది. అబద్ధాల్లో తొందరగా నమ్మేది మనం మనకు చెప్పుకున్నదే.

"ఇదేంటక్కా, కొత్తగా ఉంది," అంది రోన్యా, స్కేటింగ్ హాల్లో బట్టలు మార్చుకునే గదిలో కెర్తు ముఖం చూడగానే. జట్టులో అందరికంటే చిన్నది, మొదటి ఏడాది.

"తుఫాను మేకప్. అందరం ఇలాగే వేసుకోవాలి. కుడి కన్నుకే."

"ఉబ్బినట్టు భలే వేశావక్కా. ఎలా వచ్చింది?"

"షేడింగ్. చాలా ప్రాక్టీసు కావాలి."

ఎదుటి మనిషి ఏం చేస్తే అది చేయడం మీదే పెరిగిన పిల్లలు. ఎందుకూ ఏమిటీ అని అడగకుండా పదిహేను మందీ బ్రష్షులు అందుకున్నారు. అరగంటలో పదిహేను కుడి కళ్ళూ తలుపు తగిలినట్టే తయారయ్యాయి. రోన్యా కన్ను అయితే అసలు కన్ను కంటే అసలుగా ఉంది.

కోచ్ హిల్కా గారు లోపలికి వచ్చి, కాఫీ కప్పు పట్టుకుని వరుసంతా ఒకసారి చూశారు.

"ఒక్క కన్నుకే ఎందుకమ్మా?"

"తుఫాను ఒక వైపు నుంచే కదండీ వస్తుంది," అంది కెర్తు.

హిల్కా గారు అర నిమిషం ఆలోచించారు. "బాగుంది. ఇంకొంచెం ముదురు చేయండి," అని వెళ్ళిపోయారు.

అందరూ వరుసగా సాధన హాలుకు నడుస్తుంటే, తలుపు దగ్గర ప్రవేశపత్రాలు చూసే ముసలావిడ ఒక్కొక్క ముఖాన్నీ చూసి లెక్కపెట్టుకుంది. పదహారు కుడి కళ్ళు. అందులో ఒకటి నిజంగానే వాచింది. ఆవిడకు నలుగురు మనవలు, కండ్లకలక ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. వెంటనే ఫోను తీసింది. పావుగంటలో ఆ సంగతి హాలంతా తెలిసిపోయింది. జనం రీతె అమ్మాయిలకు రెండు మీటర్ల దూరంలో నిలబడటం మొదలుపెట్టారు. మా దేశంలో మామూలు రోజుల్లోనూ జనం అంతే దూరంలో నిలబడతారు కాబట్టి, తమను వెలివేశారని అమ్మాయిలకు ఇంకో అరగంట దాకా తెలియనే లేదు. పక్క జట్టు వాళ్ళు బట్టలన్నీ సంచుల్లో కుక్కుకుని గది ఖాళీ చేస్తున్నప్పుడు తెలిసింది.

పోటీ డాక్టరు పెర్తులా గారు పొడుగ్గా, నింపాదిగా ఉంటారు, మాట మాత్రం చాలా పొదుపు. ఆ కబురు విని గదికి వచ్చి అందరి కళ్ళూ చూశారు. "రంగా?" అన్నారు.

"రంగేనండీ," అన్నారు పదహారు మందీ ఒకే గొంతుతో.

"కడగండి. చూస్తాను."

అది చెమటకూ మంచు నీళ్ళకూ చెక్కుచెదరకూడదని కొన్న రంగు. అన్న మాట మీద నిలబడింది. సబ్బుతో రుద్దారు, క్రీముతో రుద్దారు, ఎవరో తువ్వాలుతో తోమారు. వంకాయ మరకలు పూర్తిగా పోలేదు సరికదా, పదహారు కుడి కళ్ళూ మిరప్పండులా ఎర్రబడి, ఉబ్బి, నీళ్ళు కారుతూ, నిజంగానే కండ్లకలక వచ్చినట్టు తయారయ్యాయి. కెర్తు కన్ను ఆ ఎర్రటి గుంపులో హాయిగా కలిసిపోయింది. పొద్దుటి నుంచి దానికి జరిగిన మంచి అదొక్కటే.

డాక్టరు తిరిగి వచ్చి చాలాసేపు చూశారు. "సబ్బు వల్ల," అన్నారు చివరికి. "కండ్లకలక కాదు. కానీ తలుపు దగ్గర పెద్దావిడ ఒక కన్ను నిజంగా వాచిందంటోంది. ఇప్పుడు అన్నీ వాచాయి. నిజంగా దెబ్బ తగిలి వాచిన కంటికి చూపు సరిగా ఉండదు. పదహారు మంది ఒకరిలోంచి ఒకరు దూసుకెళ్ళే ఆట ఇది. ఒక్కరు గుద్దుకుంటే కత్తులున్న బూట్ల మీద పదిమంది పడతారు. ఒక్కొక్కరూ రండి."

బొటనవేలితో కనుబొమ్మ కింద నొక్కి, "నొప్పా?" అని అడగడం ఆయన పరీక్ష. కెర్తు వంతు వచ్చింది. నొక్కారు. కళ్ళ ముందు దీపాలన్నీ ఒకసారి ఆరి వెలిగాయి. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి, పన్నెండేళ్ళుగా న్యాయనిర్ణేతలకు చూపిస్తున్న నవ్వు ఆయనకూ చూపించింది.

"లేదండీ," అంది.

ఆయన ముందుకు జరిగారు. చివర్లో రోన్యా. దాని కంట్లో ఇంకా సబ్బు ఉంది. వేలు తగలగానే "అబ్బా" అని ఒక్క అరుపు అరిచింది.

"ఈ అమ్మాయే," అన్నారు డాక్టరు. "ఈమె ఆడటం లేదు."

"నాకేం కాలేదండీ. కంట్లో సబ్బు పడిందంతే."

"అందరూ అలాగే అంటారు."

రోన్యా గోడ వైపు తిరిగి, బూటు తాళ్ళు ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టింది. ఏడుస్తున్నట్టు తెలియకుండా ఏడవడం మావాళ్ళకు బడిలో నేర్పకపోయినా వస్తుంది. కెర్తు ఆ వీపునే చూస్తూ నిలబడింది. నోరు మూసుకుంటే చాలు, అరగంటలో మంచు మీద ఉంటుంది. సగం మూసుకున్న కన్నుతో పదిహేను మంది మధ్యలోంచి దూసుకెళుతుంది. గుద్దుకోకపోవచ్చు. గుద్దుకోవచ్చు. ఏదైనా సరే, ఆ పిల్ల మాత్రం ఈ గోడ పక్కనే కూర్చుని ఉంటుంది. కెర్తుకు తన మీద తనకే రోత పుట్టింది.

"డాక్టరు గారూ," అంది. "ఆ కన్ను నాది."

డాక్టరు గారు ఆమె వైపు తిరిగారు.

"ఎలా తగిలింది?"

"అల్మరా తలుపు."

"సింకు పైనదా?"

"అదేనండీ."

డాక్టరు గారు తల వంచి, నెరిసిన జుట్టు పాయ తీసి, నడినెత్తిన పాత మచ్చ ఒకటి చూపించారు. అది ఓదార్పు అని కెర్తుకు అర్థమైంది, తీర్పు మారదనీ అర్థమైంది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న హిల్కా గారు కాఫీ కప్పు కింద పెట్టారు.

"తుఫాను ఒక వైపు నుంచే వస్తుందన్నావు."

"తప్పయిందండీ."

"నేను ముదురు చేయమన్నాను కదే," అన్నారావిడ, కెర్తు అబద్ధం చెప్పినందుకో, తను దాన్ని నమ్మినందుకో, ఎక్కువ బాధ ఆవిడకు దేనికో చెప్పడం కష్టం. "తైమీ, బట్టలు మార్చుకో. రోన్యా, తాళ్ళు కట్టుకో."

తైమి బట్టలు మార్చుకుని అద్దంలో చూసుకుంది. పదిహేను మంది కుడి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, తనది తెల్లగా ఉంది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి సబ్బు తెచ్చుకుని కంట్లో రుద్దుకుంది. ఆ పిల్లకు ఇంతకాలం చోటు ఇవ్వకపోవడం ఎంత అన్యాయమో కెర్తుకు ఆ క్షణంలోనే తెలిసింది.

రెండూ నలభైకి కెర్తు ట్రాక్‌సూటు వేసుకుని మంచు అంచున చెక్క గోడ పట్టుకుని నిలబడింది. పాట మొదలైంది. పదహారు మందీ విడిపోయి, కలిసి, చక్రంలా తిరిగారు. ఒక వరుస ఇంకో వరుసలోంచి నీళ్ళలోంచి నీళ్ళు వెళ్ళినట్టు వెళ్ళిపోయింది. తను లేని చోటు ఎక్కడైనా బోసిగా కనిపిస్తుందేమోనని కెర్తు బాగున్న ఒక్క కన్నుతో వెతికింది. మొదటి నిమిషం వెతికింది, రెండో నిమిషమూ వెతికింది. ఎక్కడా కనిపించలేదు. గర్వంగా ఉందో గుండె పగిలిందో తేల్చుకోలేక రెండిటికీ కలిపి ఏడ్చింది. ఆ ఏడాది ఎవరికీ రానన్ని మార్కులు వచ్చాయి. రీతె ప్రపంచ పోటీలకు వెళుతోంది. అమ్మాయిలు గోడ మీదుగా వంగి కెర్తును పట్టుకుని ఊపేశారు, రోన్యా అందరికంటే గట్టిగా.

జనం కదులుతుంటే పై మెట్ల మీంచి కెర్తు వాళ్ళమ్మ దిగి వచ్చింది. పక్క ఊరు కంగసాల నుంచి బస్సులో వచ్చి, అన్నిటికంటే పై వరుసలో కూర్చుని చూసింది. ఎన్నడూ కూతుర్ని మెచ్చుకోని మనిషి. మెచ్చుకుంటే పిల్లలు చెడిపోతారని ఆవిడ గట్టి నమ్మకం. అలాంటావిడ కళ్ళు తుడుచుకుంటోంది.

"అప్పుడే బట్టలు మార్చుకున్నావా?" అంది.

"అవునమ్మా."

"పాట మొదలైన దగ్గర్నుంచి నీ మీంచి చూపు తిప్పలేదే. ఎడమ నుంచి మూడోదానివి, నాకు తెలీదా. పన్నెండేళ్ళలో నువ్వు ఇంత బాగా ఆడటం ఎప్పుడూ చూళ్ళేదు."

కెర్తు నోరు తెరిచింది. నిజం చెప్పడం ఆ రోజుకు ఒకసారి అయిపోయింది, రెండోసారికి ఓపిక లేదు.

"థాంక్స్ అమ్మా," అంది.

పదహారు మందిలో ఎవరు ఎవరో పోల్చుకోలేనట్టు ఉండాలని పన్నెండేళ్ళు పాటుపడిన మనిషి, అంతకు మించిన మెప్పు కోరుకోవడం అత్యాశే.