మిస్సింగ్ మొగుడు

ఆ ఉదయం టైలరమ్మ వేసుకున్న పథకం చిన్నదే. ఇంగ్లీషు పరీక్షలో నాలుగు ముక్కలు మాట్లాడి గట్టెక్కి, మధ్యాహ్నానికల్లా కుట్టుమిషన్ ముందు కూర్చోవాలి. అది పాసైతేనే వీసా. వీసా వస్తేనే, మూడేళ్లుగా పరాయి దేశపు ఓడరేవులో క్రేను నడుపుతున్న మొగుడి దగ్గరికి వెళ్లడం. కిందటిసారి మంచులో ఆడే ఆటల గురించి చెప్పమన్నారు. ఆవిడ మంచు చూసింది ఫ్రిజ్‌లోనే. నోరు పెగల్లేదు.

"ఈసారి బెల్లం కొట్టిన రాయిలా కూర్చోకే తల్లీ! ఏదో ఒకటి వాగెయ్," అని చెప్పి అత్తగారు బయట బెంచీ మీద చతికిలబడింది.

లోపల పరీక్ష చేసే కళ్లజోడావిడ, ఎవరినైనా మిస్ అవుతున్నారా అని ఇంగ్లీషులో అడిగింది. హమ్మయ్య, బెంగ గురించా! అదైతే టైలరమ్మ దగ్గర కావలసినంత ఉంది.

"మై హస్బెండ్ మిస్సింగ్ మేడమ్! త్రీ ఇయర్స్ మిస్సింగ్!"

బెంగగా ఉందనబోయి, మొగుడు తప్పిపోయాడనేసింది పాపం. కళ్లజోడావిడ తెల్లబోయి, పోలీసులకు చెప్పారా అంది. వీసాకు కావలసిన పోలీసు సర్టిఫికెట్ సంగతనుకుంది ఈవిడ.

"ఎస్! పోలీస్ వెరీ హ్యాపీ!"

"మరి ఆయన ఎక్కడ?" అని ఇంగ్లీషులోనే మరో ప్రశ్న.

"కంపెనీ! నో లీవ్! నైట్ ఫోన్, క్రయింగ్!"

సెలవివ్వని కంపెనీ కాస్తా, మనిషిని కట్టేసి ఏడిపిస్తున్న ముఠా అయి కూర్చుంది. పరీక్ష ఆగిపోయింది. కళ్లజోడావిడ ఫోన్ చేస్తే పోలీసు ఇన్‌స్పెక్టర్ దిగాడు. బయట అత్తగారు "అయ్యో నా కొడుకో!" అని శోకాలు అందుకుంది.

"రాత్రేగా మాట్లాడాం అత్తయ్యా!"

"రాత్రి బాగానే ఉన్నాడే, పొద్దున్నకి ఏమయ్యాడో!"

ఇన్‌స్పెక్టర్ టైలరమ్మ ఫోన్‌లోంచే ఆయనకు కలిపి, స్పీకర్ పెట్టి, తప్పిపోయింది నువ్వేనా అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఎస్ సర్! త్రీ ఇయర్స్ మిస్సింగ్! మదర్ మిస్సింగ్, వైఫ్ వెరీ వెరీ మిస్సింగ్ సర్!" అన్నాడాయన ఏడుస్తూ.

టైలరమ్మకు సిగ్గూ ఏడుపూ కలిసి ముంచుకొచ్చాయి. "నేనిక్కడే ఉన్నానండీ," అంది. కళ్లజోడావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడుచుకుని, చెప్పదలచింది ఒకటి, అర్థమైంది ఇంకొకటి కనుక ఫెయిల్ అని రాసింది.

ఇన్‌స్పెక్టర్‌కు మనసొప్పలేదు. "మీ ఆయనా ఈ పరీక్షకే వెళ్లాడా అమ్మా?"

"అవునండీ. మొదటిసారికే పాసయ్యారు."

"ఈ ఇంగ్లీషుతోనా?"

"ఆయన్ని సైకిల్ గురించి అడిగారండీ."